అమెరికానా, బ్రిటనా? తేడా అప్లికేషన్ దగ్గరే మొదలవుతుంది

స్కూలు చదువు అయ్యాక డిగ్రీకి విదేశం వెళ్లాలనుకునేవాళ్లలో చాలామంది ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారు. బ్రిటన్‌కు దారి యూకాస్, అంటే అక్కడి యూనివర్సిటీలన్నిటికీ ఒకే అప్లికేషన్ పెట్టే వ్యవస్థ. అందులో ఐదు ఎంపికలే; మెడిసిన్‌కైతే నాలుగే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ ఒకే ఏడాది పెట్టడం కుదరదు, పైగా వాటి గడువు అక్టోబరు 15కే ముగుస్తుంది. అమెరికాకు కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలు తీసుకునే ఉమ్మడి ఆన్‌లైన్ అప్లికేషన్‌లో, 20 కాలేజీల దాకా పెట్టుకోవచ్చు.

అసలు తేడా రాసేదాంట్లో ఉంది. కామన్ యాప్ వ్యాసం 650 పదాలు దాటకూడదు. అందులో వాళ్లు వెతికేది మిమ్మల్ని. అమ్మమ్మ పాత కుట్టుమిషను విప్పి బాగుచేసిన కథ అక్కడ చక్కగా పనికొస్తుంది. యూకాస్‌లో అదే కథ రాస్తే, దానివల్ల ఇంజనీరింగ్ గురించి ఏం తెలుసుకున్నారో కూడా చెప్పాలి, లేకపోతే దండగే. 2026 ప్రవేశాల నుంచి అక్కడ మూడు ప్రశ్నలు: ఈ కోర్సే ఎందుకు, చదువు మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, బయట ఏం చేశారు. ఖాళీలతో కలిపి మొత్తం 4000 అక్షరాలు. ఐదు చోట్లకూ అదే రాత వెళ్తుంది కాబట్టి ఒకచోట లా, ఇంకోచోట ఫిజిక్స్ అంటే అతకదు.

ఏం చదవాలో తేలిపోయినవాళ్లకు బ్రిటనే మేలంటాను. తేలనివాళ్లకు అమెరికా నయం. చాలా కాలేజీల్లో మేజర్‌ను, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టును, రెండో ఏడాదిలో ఎంచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ఎర్లీ డెసిషన్‌లో, అంటే ఒకే కాలేజీకి ముందుగా పెట్టే అప్లికేషన్‌లో, సీటొస్తే చేరతామని ముందే మాటిచ్చినట్టే. ఫీజు లెక్క ఇంట్లో తేలకముందే టెన్షన్‌లో దాన్ని ఎంచుకోకండి.