దగ్గరున్న చిన్న దీవి వర్సెస్ దూరంగా ఉన్న పెద్ద దీవి

జాతులు ఎక్కడ ఎక్కువుంటాయి అంటే చాలామంది టక్కున పెద్దదాంట్లోనే అంటారు, కానీ దూరం కూడా లెక్కలోకొస్తుంది.

చిన్నది తీరానికి దగ్గరుంటే పురుగులూ విత్తనాలూ పక్షులూ వస్తూనే ఉంటాయి, కాకపోతే చోటు తక్కువ కదా, ఒక్కో జాతిలో ఉండేవే కొన్ని, ఒక్క తుఫానుకి తుడిచిపెట్టుకుపోవచ్చు, అయినా ఒడ్డు నుంచి మళ్లీ వచ్చేస్తాయి. దీనికి నాకు బాగా నచ్చిన రుజువు అమెరికాలోని ఫ్లోరిడా కీస్ అనే దీవుల వరుసది. 1966-67లో సింబర్లాఫ్, విల్సన్ అనే ఇద్దరు జీవశాస్త్రవేత్తలు కొన్ని బుల్లి మడచెట్ల దీవులకి టెంట్ కప్పేసి, విషవాయువు పెట్టి పురుగుల్ని చంపేసి, తర్వాత ఏమేం తిరిగొస్తున్నాయో లెక్కపెట్టారు. ఏడాదిలోపే జాతుల సంఖ్య దాదాపు పాత స్థాయికొచ్చింది, అన్నిటికన్నా దూరంగా ఉన్న దీవి మాత్రం వెనకబడింది. ఇంకో సంగతి, సంఖ్య అంతే అయినా వచ్చినవాటిలో చాలా ముందు అక్కడ లేని జాతులే!

దూరంగా ఉన్న పెద్దవాటికి హవాయి చూడండి. ఖండం నుంచి 3,500 కిలోమీటర్ల పైనే, చేరడమే గగనం, అందుకే అక్కడ సొంత కప్పల్లేవు, ఇప్పుడున్న సొంత నేల క్షీరదం ఒక్క గబ్బిలమే. కానీ చేరినవాటికి బోలెడంత చోటు, కొండలు, పోటీ తక్కువ, ఒకే ఫించ్ పిట్ట పూర్వీకుడి నుంచి 50కి పైగా హనీక్రీపర్ అనే పిట్టల జాతులు పుట్టాయంటే చూడండి.

లిస్టు పొడవే కావాలంటే, సైజు ఒకటే అయినప్పుడు దగ్గరివాటికి అడ్వాంటేజ్ ఉంది, ఎక్కడా దొరకని జాతులు కావాలంటే హవాయే. నేనైతే ముందు హవాయినే కాపాడమంటా, బయటినుంచొచ్చిన దోమలు మోసిన పక్షుల మలేరియాకి అక్కడి హనీక్రీపర్లు ఇప్పటికే చాలా పోయాయి, వాటిని తిరిగి పంపడానికి ఏ ఒడ్డులోనూ అవి లేవు.