మిథైల్‌ఫెనిడేట్ 10 ఎంజీ: గోలి మంచిదే, దొరకబట్టడమే పని

మందుకు ఐదుకు నాలుగు, వరంగల్‌లో కొనడానికి రెండు.

ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్యకు) వాడే మందుల్లో ముందువరసలోది ఇది. మామూలు గోలి అరగంట, ముప్పావుగంటలో పట్టుకుంటుంది, మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. అందుకే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి రాస్తారు. పిల్లలకు 5 ఎంజీతో మొదలుపెట్టి వారానికింత పెంచుతారు, రోజుకు 60 ఎంజీ దాటనివ్వరు. ఆరేళ్లలోపు వాళ్లకు సాధారణంగా రాయరు.

చిక్కంతా మధ్యాహ్నం గోలితోనే. గురుకులంలో ఉన్న పిల్లకు అది గుర్తుపెట్టుకొని వేసేదెవరు? హాస్టల్ పిల్లలకు పొద్దున ఒక్కసారి వేసే 18 ఎంజీ లాంగ్ యాక్టింగే నయం. దాన్ని నమలొద్దు, నలగ్గొట్టి పాలల్లో కలపొద్దు. రోజంతా మెల్లగా రావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ఎన్ని గంటలు పనిచేస్తుందనేది కంపెనీని బట్టి మారుతుంది, షాపువాళ్లు వేరే కంపెనీది ఇస్తామంటే డాక్టర్‌ను అడగకుండా తీసుకోవద్దు.

ఆకలి చచ్చిపోతుంది. టిఫిన్ డబ్బా నిండుగానే తిరిగొస్తుంది, సాయంత్రం మందు దిగాక చిరాకు, ఆకలి రెండూ ఒకేసారి మొదలవుతాయి. పొద్దున కడుపునిండా తినిపించాకే గోలి వేయాలి. పొద్దు వాలాక వేస్తే రాత్రి జాగారమే. డోసు మార్చినప్పుడల్లా బీపీ, నాడి చూపించాలి. ఎత్తు, బరువు కనీసం ఆరు నెలలకోసారి రాసిపెట్టాలి.

ఇక కొనడం. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్న జాబితాలోది, అట్ట మీద ఎర్రగా ఎక్స్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది. అమ్మాలంటే షాపుకు ఫారం 20ఎఫ్ లైసెన్సు వేరే ఉండాలి. హనుమకొండ చౌరస్తాలో షాపు షాపుకూ తిరిగే బదులు ముందే ఫోన్ చేసి అడగడం మేలు. డాక్టర్ చిట్టీ రెండు కాపీలు రాయించుకోవాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టర్ రాయకపోతే అదే చిట్టీ మీద రెండోసారి ఇవ్వరు. ఒక్క కాపీతో పోయి కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లే ఎక్కువ, అందులో షాపువాళ్ల తప్పేం లేదు.

చిట్టీ లేకుండా ఎవరైనా ఇస్తే ఆ షాపును నమ్మొద్దు. కోచింగ్ పిల్లలు పరీక్షల ముందు రూమ్‌మేట్ గోలి అడుక్కుంటారు. ర్యాంకు రాదు, నిద్ర పోతుంది, గుండె దడ మొదలవుతుంది. చిట్టీ లేకుండా దగ్గర దొరికితే 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద కేసు.

గుండెజబ్బు, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. వాళ్లకు ఇది పడకపోవచ్చు, రెండు కాపీల తిప్పలు వద్దనుకునేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు ఏడీహెచ్‌డీకే వాడే అటోమాక్సెటిన్ అనే ఇంకో మందు గురించి డాక్టర్‌ను అడగొచ్చు. అది షెడ్యూల్ ఎక్స్‌లో లేదు, కానీ గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, గుండె, గ్లకోమా సంగతి దానికీ చెప్పాల్సిందే.