జిప్‌లైన్ డ్యూటీకి నడుం బెల్టా, ఫుల్ బాడీ హార్నెసా?

కైలాసగిరి మీదైనా, అరకు వైపు కొండ రిసార్టుల్లోనైనా జిప్‌లైన్ (ఎత్తు నుంచి తీగ మీద జారే ఆట) ప్లాట్‌ఫామ్ మీద నిలబడి డ్యూటీ చేసే తమ్ముళ్లకి ఎప్పుడూ ఉండే డౌటు ఇది.

ఖర్చు: బెల్టు చవక, హార్నెస్ (తొడలకీ భుజాలకీ కలిపి కట్టుకునే పట్టీలు) ఖరీదు. కానీ కొనాల్సింది ఓనరు, మీ జీతంలోంచి కాదు, మొహమాటపడకుండా అడగండి.

వేసుకోడం: బెల్టు క్షణంలో అయిపోద్ది. హార్నెస్‌కి టైం పడుద్ది, మన ఎండకి చెమట, తొడల దగ్గర ఒరుసుకోడం, అదంతా నిజమే.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. కాలు జారితే బెల్టుతో కుదుపంతా నడుం మీద, పొట్ట మీద పడుద్ది, వెన్ను దెబ్బతినొచ్చు, తలకిందులైతే బెల్టులోంచి జారిపోవచ్చు కూడా, అదే హార్నెస్ అయితే ఆ బరువుని తొడలకీ భుజాలకీ పంచుద్ది, రెండు తాళ్లున్నది తీసుకుంటే ఒకటి తీసి మార్చేటప్పుడు రెండోది పట్టుకునే ఉంటుంది. అయినా ఎక్కువసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోద్ది, కాబట్టి వెంటనే దింపే మనిషి పక్కనే ఉండాలి.

ఏది వాడినా సముద్రగాలికి హుక్కులు తుప్పు పట్టేస్తాయి. పొద్దున్నే హుక్కు నాలుక నొక్కి వదిలితే టక్కున మూసుకోవాలి, లేకపోతే పక్కన పెట్టేయండి.

అంచుదాకా పోకుండా పొట్టి తాడుతో ఆపడానికే అయితే బెల్టు సరిపోద్ది. పడే వీలున్న చోట మాత్రం ఐఎస్ 3521 (దీనికున్న భారత ప్రమాణం) ముద్ర ఉన్న హార్నెస్సే.