డ్రోన్ కొటేషన్‌లో ‘ఆర్‌టీకే రెడీ’ అని ఉంటే జాగ్రత్త

ఇప్పుడే సిటీ నుంచి హనుమకొండ వచ్చాను. అన్నం తినబుద్ధి కాక ముందు ఇది రాస్తున్నా. షాపు పేరు రాయను. మెట్ల కింద బ్యాటరీలు పేర్చి ఉంటాయి చూడండి, అదే. మనవైపు మందు కొట్టే డ్రోన్లున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

నాది పది లీటర్లది. మామూలు జీపీఎస్‌తో మీటరు, రెండు మీటర్లు అటూ ఇటూ పోతుంది. ఒక సాలు రెండుసార్లు తడుస్తుంది, పక్క సాలు ఎండుతుంది. మిర్చి రైతు ఊరుకుంటాడా? అందుకే కొత్త ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ని నడిపే బోర్డు), తేడాను సెంటీమీటర్లకు తగ్గించే ఆర్‌టీకే జీపీఎస్, ఎత్తు చూసుకునే రాడార్ వేయిద్దామని రెండు చోట్ల రేటు అడిగా. కంపెనీ సర్వీసువాళ్లు 1,38,000 అన్నారు. ఈ షాపాయన 84,000 అన్నాడు, ఆయన దగ్గరే వేయించా. 54,000 మిగిల్చానని ఇంట్లో గొప్పలు కూడా పోయాను. తెలివిగలవాణ్ని కదా!

నిన్న పర్వతగిరి దగ్గర మూడు గంటలు. కచ్చితమైన చోటు దొరికిందని చెప్పే ‘ఫిక్స్’ స్క్రీన్ మీద రాదు. సిగ్నల్ లేదేమోనని డ్రోన్ ఎత్తుకుని గట్టు గట్టుకీ తిరిగా. రైతు బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. ఆర్‌టీకేకి నేల మీద ఒకచోట కదలకుండా ఉండి జీపీఎస్ తేడాను సరిదిద్దే బేస్ స్టేషన్ అయినా ఉండాలి, నెట్‌లో ఆ కరెక్షన్ అయినా రావాలి. అప్పుడే తేడా సెంటీమీటర్లలోకి దిగుతుంది. నాకు రెండూ లేవు.

ఇవాళ పోయి కొటేషన్ ముందు పెట్టి “బేస్ ఏదన్నా?” అన్నా. మిర్చి బజ్జీ తింటున్నాడు, తల ఎత్తలేదు.

“జర చదువన్నా. ఆర్‌టీకే రెడీ అని రాసినం. బేస్ పెట్టుకుంటే పనిచేస్తదని. మేం పెట్టినమని కాదు.”

బేస్ ఇంకో 52,000 అట, జీఎస్టీ వేరే. ఇదంతా పీకేసి నా పాత కంట్రోలర్ ఇచ్చేయమన్నా. “అది గా రోజే అమ్ముడువోయింది. బైబ్యాక్ కింద 4,000 తగ్గించినం గద.” అని, లోపలి పిల్లగాణ్ని కేకేసి, “వరంగల్ అన్నకు చల్లటి నీళ్లియ్యి, గరం మీదున్నడు” అన్నాడు. కౌంటర్ దగ్గరున్న నలుగురూ నవ్వారు. నేను ఆ నీళ్లు తాగాను కూడా. అదే మింగుడు పడట్లేదు.

బస్సులో లెక్కేశా. 84,000, 52,000, పైన జీఎస్టీ. కంపెనీ రేటు దాటిపోయింది. వాళ్ల దాంట్లో బేస్, బిగింపు, పన్ను అన్నీ కలిపే ఉన్నాయి, రెండో పేజీలో. నేను తిప్పితే కదా.

ఇంకో తలనొప్పి. డ్రోన్ యూఐఎన్, అంటే రిజిస్ట్రేషన్ నంబర్, ఫ్లైట్ కంట్రోలర్ సీరియల్ నంబర్‌తో ముడిపడి ఉంటుంది. మార్చాక కొత్త నంబర్ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. నా బిల్లు మీద ఆ నంబరే లేదు.

కొనేవాళ్లు కొటేషన్‌లో బేస్ ఉందా, జీఎస్టీ కలిసిందా, బిల్లు మీద సీరియల్ నంబర్ వేస్తారా అడగండి. పాత బోర్డు మాత్రం ఇవ్వకండి, 4,000కి అస్సలు ఇవ్వకండి.

రేపు అదే రైతుకు ఆరెకరాలు కొట్టాలి. ఇంకా ఫోన్ చేయలేదు.