కారు తెరా, ఫోన్ మ్యాపా?

కారుతో పాటు వచ్చే నావిగేషన్ చాలా మోడళ్లలో లోపల దాచిన మ్యాప్‌తోనే నడుస్తుంది. నెట్ లేకపోయినా దారి చెబుతుంది. చక్రాల వేగం, మలుపుల లెక్క కూడా దానికి అందుతుంది కాబట్టి సొరంగంలో సిగ్నల్ పోయినా అంతగా తడబడదు. ఫోన్‌కి ఆ వీలు తక్కువ. హైదరాబాద్‌లో మెహదీపట్నం దాటాక పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ పైన ఉన్నామా, కింద ఉన్నామా అన్నది ఒక్కోసారి దానికి అర్థం కాదు.

ట్రాఫిక్ దగ్గరికొస్తే మాత్రం ఫోన్‌దే పైచేయి. ముందున్న ఫోన్లు ఎంత నెమ్మదిగా కదులుతున్నాయో చూసి దారి మారుస్తుంది. బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో వేసుకుని లాక్కెళ్తే, ఖాళీ వీధి కాస్తా గూగుల్ మ్యాప్స్‌లో ఎర్రగా మారిపోయింది!

చిక్కేమిటంటే, అందరికీ అదే సందు చూపిస్తుంది. న్యూజెర్సీలోని లియోనియాలో ఇలాగే కాలనీ వీధులు నిండిపోతుంటే, 2018లో రద్దీ వేళల్లో బయటి కార్లను రావద్దన్నారు.

ఆఫీస్ టైంలో నేను ఫోన్‌నే నమ్ముతాను. రెండు నిమిషాలు కలిసొస్తుందని సందులోకి వెళ్లమంటే మాత్రం వినను. ఊరు దాటి హైవే ఎక్కాక కారు తెర చాలు.