మిర్చి సాస్ సీసా మీద తేదీ స్టిక్కర్ ఉంటే, గీకి చూడకుండా కొనకండి

మాది పాలకొల్లు. పోయిన ఆదివారం మా ఇంట్లో జరిగిందే రాస్తున్నాను. భీమవరం, నరసాపురం, రాజోలు వైపు ఉన్నవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి. అలాంటి సరుకు మీ ఊరి షాపుల్లోకి కూడా వచ్చి ఉండొచ్చు.

శనివారం మా ఆడపడుచు పిల్లలతో వచ్చింది. వాళ్లకి రొయ్యల పకోడీ అంటే ప్రాణం, అందులోకి మిర్చి సాస్ ఉండాల్సిందే. ఎప్పుడూ సరుకులు తెచ్చుకునే షాపులోనే, గుమ్మం ముందు స్టాండులో ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని పెట్టారు. టీవీలో రోజూ కనిపించే బ్రాండే. తేదీ చూశాను కూడా. తెల్ల స్టిక్కర్ మీద గడువు 2026 మార్చి అని ఉంది. ఇంకేం అనుమానం వస్తుంది?

ఇంటికొచ్చి మూత తిప్పితే లోపల రేకు సీలు పూరీలా ఉబ్బి ఉంది. చాకు మొనతో పొడిచాను. బుస్సుమని పొంగి గోడ మీద పడింది. బాగా కుదిపేశానేమో అనుకుని గిన్నెలో పోసి పిల్లల ముందు పెట్టేశాను. అక్కడే ఆగిపోవాల్సింది. మా అత్తగారు వచ్చి వాసన చూసి, "ఇది పులిసిపోయిందే, పిల్లలకెందుకు పెట్టావు?" అనేసరికే ఇద్దరూ తినేశారు. ఆవకాయ జాడీకి వాసెన విప్పగానే వాసనతో తేడా పట్టేసే మనిషి ఆవిడ. పిల్లలకి మాత్రం ఆ కారంలో పులుపు తేడా తెలియలేదు. మిర్చి సాస్‌తో ఇదే ప్రమాదం, పాడైన రుచిని ఘాటు కప్పేస్తుంది.

రాత్రి పదకొండు నుంచి ఇద్దరికీ వాంతులు. చిన్నవాడికి ఆరేళ్లు, తెల్లారేసరికి తోటకూర కాడలా వాలిపోయాడు. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు, ఇప్పుడు ఇద్దరూ బాగానే ఉన్నారు. సాస్ వల్లేనని పరీక్ష లేకుండా చెప్పలేనన్నారు డాక్టరు గారు. అది నిజమే. కానీ అవే పకోడీలు సాస్ లేకుండా తిన్న మాకెవరికీ ఏమీ కాలేదు.

సోమవారం పొద్దున రెండో సీసా తీసుకుని కూర్చున్నాను. తేదీ స్టిక్కర్ అంచు గోరుతో లేపి, కొంచెం కొబ్బరినూనె రాసి పది నిమిషాలు వదిలేస్తే జిగురు మెత్తబడి ఊడి వచ్చింది. కింద సీసా మీదే నల్ల చుక్కలతో అచ్చైన అసలు తేదీ ఉంది. గడువు 2025 జనవరి. మేం కొన్నది జూలైలో! నా చేతులు వణికాయి.

షాపుకి తీసుకెళ్తే ఆయన, "ఆయ్, మాకు అలాగే వచ్చిందండి, డబ్బులిచ్చేస్తాను తీసుకోండి" అన్నారు. వెనక రేకుల షెడ్డులో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. నిలబడితేనే చెమట కారిపోయేంత ఉక్క. ఎండాకాలమంతా ఆ సీసాలు అక్కడే ఉంటే ఎలా ఉంటాయో మీరే చెప్పండి. నేను డబ్బులు తీసుకోలేదు, సీసా వెనక్కి ఇవ్వలేదు. సీసా మీదున్న కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేసి బ్యాచ్ నంబరు చదివితే, ఆ బ్యాచ్ గడువు జనవరితోనే అయిపోయిందనీ, ఆ స్టిక్కర్ తమది కాదనీ చెప్పారు. అంటే మధ్యలో ఎవరో అంటించారు.

వెనిగర్, ఉప్పు ఉంటే పాడవదు కదా అని నేనూ అనుకునేదాన్ని. మిరపకాయలు, ఉప్పు, వెనిగర్ తప్ప ఇంకేమీ లేని సాస్‌లు ఎక్కువ కాలం నిలవ ఉంటాయి, నిజమే. టబాస్కో అలాంటిదే. కానీ మనం ఎక్కువగా కొనే చిక్కటి తియ్యటి రకాల్లో పంచదార, పిండి కలుస్తాయి. సీలు ఏ కాస్త లీకైనా పులుపుని తట్టుకునే ఈస్ట్ లాంటివి ఆ పంచదార తిని గ్యాస్ వదులుతాయి. సీలు ఉబ్బడం, బుస్సుమనడం అందుకే. అలాంటిది కనిపిస్తే రుచి కూడా చూడకండి, పక్కన పెట్టేయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ప్యాక్ చేసిన సరుకు మీద వివరాలు మార్చడానికి విడిగా స్టిక్కర్ అంటించకూడదని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల్లోనే ఉంది. ధర తగ్గించినప్పుడు అంటించవచ్చు గానీ, అదైనా పాత ధరను కప్పకూడదు. అందుకే తేదీని కప్పుతూ స్టిక్కర్ కనిపిస్తే మొహమాటపడకండి, అక్కడే గోరుతో లేపి చూడండి. షాపువాళ్లు వద్దంటే ఆ సీసా వదిలేయండి. ఆఫర్ స్టాండులో ఉన్నవి మరీ జాగ్రత్తగా చూడండి.

ఇప్పటికే కొన్నవాళ్లు సీసా పారేయకండి, కడగకండి. బిల్లు, బ్యాచ్ నంబరు ఫోటోలు తీసి పెట్టుకోండి. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పొచ్చు. ఆహార భద్రత వాళ్ల 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో ఫోటోలతో ఫిర్యాదు పెట్టొచ్చు. లేబుల్ మీదుండే 14 అంకెల లైసెన్సు నంబరు అక్కడ ఉపయోగపడుతుంది. నేను రెండు చోట్లా ఫిర్యాదు చేశాను. ఊడదీసిన స్టిక్కర్‌ని కాగితం మీద అంటించి, ఆ రెండో సీసాతో కలిపి ఫ్రిజ్‌లో దాచాను. ఇన్‌స్పెక్టర్ గారు వస్తే ఆయన చేతికే ఇస్తాను.

నిన్న సాయంత్రం అటు వెళ్తూ చూశాను. ఆ స్టాండు ఇంకా షాపు ముందే ఉంది, సగం ఖాళీ అయింది.