లిబ్‌ఐఈసీ61850: లినక్స్‌పై సబ్‌స్టేషన్ సర్వర్ నిర్మించేవారికి ఒక సమీక్ష

ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, సింహాద్రి థర్మల్ కేంద్రం, తూర్పు, దక్షిణ గ్రిడ్‌లను కలిపే గాజువాక హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజీ డైరెక్ట్ కరెంట్) కేంద్రం ఉన్న విశాఖపట్నంలో విద్యుత్ ఆటోమేషన్ నేర్చుకునేవారికి, సబ్‌స్టేషన్ పరికరాలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే తీరును నిర్దేశించే ఐఈసీ 61850 ప్రమాణంతో పరిచయం ఎంతో అవసరం. ఖరీదైన రిలే (లోపాలను గుర్తించే రక్షణ పరికరం) కొనకుండానే ఒక మామూలు లినక్స్ కంప్యూటర్‌ను ఆ ప్రమాణం ప్రకారం మాట్లాడే సర్వర్‌గా మార్చుకోదలచిన ఇంజినీర్లకు, కళాశాల ప్రయోగశాలలకు లిబ్‌ఐఈసీ61850 అనే సి భాషా లైబ్రరీని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. అయితే ప్రోగ్రాం రాయడానికి ముందే డేటా మోడల్‌పై, అంటే పరికరంలోని సమాచారపు అమరికపై, శ్రద్ధ పెట్టగలవారికే ఇది పూర్తి ఫలితాన్నిస్తుంది.

పరికరంలో ఏ లాజికల్ నోడ్‌లు (ఒక్కో పనికి సంబంధించిన సమాచార విభాగాలు) ఉన్నాయో, వాటిలో ఏ విలువలు ఉన్నాయో, ఏవి క్లయింట్‌కు (సర్వర్ నుంచి సమాచారం తీసుకునే ప్రోగ్రాంకు) రిపోర్టులుగా వెళ్లాలో వివరించే ఎక్స్‌ఎంఎల్ రూపంలోని ఐసీడీ ఫైల్‌తో పని మొదలవుతుంది. లైబ్రరీతో పాటు వచ్చే జావా సాధనం ఆ ఫైల్‌ను చదివి, మొత్తం మోడల్‌ను ఒక సి ఫైల్‌గా, ఒక హెడర్ ఫైల్‌గా రాసి ఇస్తుంది. ప్రతి విలువకూ హెడర్‌లో ఒక పేరు ఏర్పడుతుంది కనుక, మోడల్‌లో లేని విలువను ప్రోగ్రాంలో వాడితే కంపైలరే పట్టుకుంటుంది. ఈ లైబ్రరీలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఐసీడీ ఫైల్ మారిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేయాల్సి రావడం ఇందుకు చెల్లించే మూల్యం. అది ఇబ్బంది అనుకునేవారు మోడల్‌ను కాన్ఫిగరేషన్ ఫైల్‌గా మార్చి, సర్వర్ మొదలయ్యేటప్పుడు చదివించుకోవచ్చు. కానీ అప్పుడు విలువలను పేరుతో వెతుక్కోవాలి, కంపైలర్ ఇచ్చే రక్షణ ఉండదు.

మోడల్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకో సర్క్యూట్ బ్రేకర్ ఉదాహరణతో స్పష్టమవుతుంది. పాత పారిశ్రామిక ప్రోటోకాల్ అయిన మోడ్‌బస్‌లోని సాధారణ కాయిల్‌లో (ఒక బిట్ విలువలో) బ్రేకర్ స్థితి సున్నా లేదా ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది. బ్రేకర్‌ను సూచించే ఎక్స్‌సీబీఆర్ అనే లాజికల్ నోడ్‌లో మాత్రం స్థితికి నాలుగు విలువలుంటాయి: మధ్యస్థితి, తెరిచినది, మూసినది, తప్పుడు స్థితి. దానితో పాటు ఆ విలువ నమ్మదగినదా కాదా అని చెప్పే నాణ్యత, అది మారిన సమయం కూడా ఉంటాయి. ఈ మూడింటినీ ప్రోగ్రాం విడివిడిగా నవీకరించాలి కాబట్టి, క్లయింట్‌కు కొత్త విలువ పాత సమయంతో చేరకుండా ఉండాలంటే ముందు డేటా మోడల్‌కు తాళం వేసి, మూడూ మార్చిన తరువాతే తీయాలి. లైబ్రరీ అందుకు సరళమైన ఫంక్షన్లు ఇచ్చింది. కొత్తగా నేర్చుకునేవారు ముందుగా అలవరచుకోవలసిన పద్ధతి కూడా ఇదే.

లినక్స్ వైపు చెప్పవలసినది కొంత ఉంది. సర్వర్, క్లయింట్ మాట్లాడుకునే ఎంఎంఎస్ ప్రోటోకాల్ 102వ టీసీపీ పోర్టుపై నడుస్తుంది. 1024 కన్నా తక్కువ పోర్టులను తెరవడానికి సాధారణ వినియోగదారునికి లినక్స్ మామూలుగా అనుమతించదు కాబట్టి, పరీక్షలకు పెద్ద సంఖ్య గల పోర్టును ఎంచుకోవడం సుఖం. 102నే వాడాలంటే, సర్వర్‌ను రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న వినియోగదారుగా) నడపడానికి బదులు ఆ ప్రోగ్రాంకు మాత్రమే సెట్‌క్యాప్ అనే లినక్స్ ఆదేశం ద్వారా అనుమతి ఇవ్వడం మేలు; మళ్లీ కంపైల్ చేస్తే ఆ అనుమతి పోతుంది కనుక తిరిగి ఇవ్వాలి. పరికరాలు ఒకదానికొకటి వేగంగా పంపుకునే గూస్ సందేశాలు నేరుగా ఈథర్‌నెట్ ఫ్రేములుగా వెళ్తాయి కాబట్టి వాటికి వేరే అనుమతి కావాలి.

బఫర్డ్ రిపోర్టుల సదుపాయం మన తీరప్రాంతానికి ప్రత్యేకంగా ఉపయోగకరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని తాకినప్పటి వంటి పరిస్థితిలో కమ్యూనికేషన్ లింకు తెగినా, ఆ మధ్యలో జరిగిన మార్పులను సర్వర్ దాచి ఉంచి, క్లయింట్ మళ్లీ కలిసినప్పుడు అందించగలదు. అవి మెమరీలోనే ఉంటాయి. బఫర్ నిండితే పాతవి పోతాయి, సర్వర్ ఆగితే అన్నీ పోతాయి. అందువల్ల బఫర్ పరిమాణాన్ని అవసరానికి తగినట్లు పెంచుకోవాలి, యూపీఎస్ ఏర్పాటూ ఉండాలి.

లైబ్రరీ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు మూడవ వెర్షన్‌తో లభిస్తుంది కాబట్టి బోధనకు, పరీక్షలకు ఖర్చేమీ లేదు. తమ సోర్సు కోడ్‌ను బయటపెట్టకుండా పరికరంగా అమ్మదలచిన సంస్థలు మాత్రం లైబ్రరీని రూపొందించే ఎంజెడ్ ఆటోమేషన్ సంస్థ నుంచి వాణిజ్య లైసెన్సు తీసుకోవాలి, ఆ ఖర్చును ప్రాజెక్టు అంచనాలో మొదటే చేర్చుకోవాలి.